నన్ను చూడొద్దు, కొంగును చూడు

నగరిలో బస్సు దిగితే నేను తల వంచుకుని నడుస్తాను. చీరల అంగళ్ళ వీధి దాటేదాకా ఎటూ చూడను. ఎవరైనా పలకరిస్తే వాళ్ళ చెప్పుల వైపు చూస్తూనే బదులు చెబుతాను. పొగరనుకుంటారు, అనుకోనీ. ఆ వీధిలో ఏ అంగడి ముందు తలెత్తినా ఒకమ్మాయి కనిపిస్తుంది. చీర పెట్టెల మీద, బోర్డుల మీద, గోడకు కొట్టిన ఫ్లెక్సీల మీద, కొంగును చేతి మీద పరచుకుని దాన్నే చూస్తూ నవ్వుతుంటుంది. ఆ ఫోటోలన్నీ తీసింది నేనే. ఆ పిల్ల పోయింది. పెట్టెలు మాత్రం ఇంకా అచ్చవుతూనే ఉన్నాయి.

ఎండకు ఫ్లెక్సీలో ముందు ఎరుపు పోతుంది, తర్వాత పసుపు పోతుంది, చివరికి నీలం మిగులుతుంది. మా పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే. అయినా పుత్తూరు దారిలో ఒక గోడ మీద ఆ పిల్ల నీలం ముఖంతో నవ్వుతుంటే, బస్సు కిటికీలోంచి చూసి నేను కళ్ళు మూసుకున్నాను. ఆ తర్వాత ఆ దారిలో ఎప్పుడు వెళ్ళినా రెండో వైపు సీటు చూసుకుని కూర్చుంటున్నాను.

అది నగరిలోనే ఆగితే బాగుండు. తిరుపతిలో మా ఎదురింటావిడ ఒక రోజు వడియాలు తెచ్చిచ్చింది, చీర పెట్టెలో పెట్టి. మూత మీద ఆ పిల్లే. "ఏమక్కా, దయ్యాన్ని సూసినట్ల సూస్తాండావు? వడియాలే లే!" అని నవ్వింది. నేనూ నవ్వాను. వడియాలు డబ్బాలోకి వంచుకుని పెట్టె ఆమెకే తిరిగి ఇచ్చేశాను. దాన్ని చెత్తలో పారేయడానికి నాకు చేతులు రావు, ఇంట్లో ఉంచుకోవడానికి ధైర్యం చాలదు.

ఫోటోలు తీయడం నేను మా నాయన దగ్గర నేర్చుకున్నాను. తిరుపతిలో మాకో చిన్న స్టూడియో. కొండ మీద తలనీలాలిచ్చి దిగినవాళ్ళు మా దగ్గర ఫోటో దిగి ఊళ్ళకు పోయేవాళ్ళు. వరసగా గుండ్లు, గుండ్ల మీద గంధం, వెనక తెర మీద రంగులతో వేసిన ఏడుకొండలు. నాయనకు అరవడమంటే మహా ఇష్టం. "ఈడ సూడండి! నా సెయ్యి సూడండప్పా, ఆ గడియారంలో ఏముండాది?" అని గొంతు చించుకునేవాడు. మనిషి కంట్లో లైటు ఒక తెల్ల చుక్కగా పడాలి. ఆ చుక్క లేని ఫోటో ఆయన ఇచ్చేవాడు కాదు, మళ్ళీ కూర్చోబెట్టి తీసేవాడు. ఆ చుక్కతోపాటు ఆ గొంతు కూడా నాకు వచ్చింది. కోపం సంగతి చెప్పనక్కర్లేదు.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి. ఎవరి గుండు వాళ్ళే తీసుకుంటున్నారు. మాకు పాస్‌పోర్టు సైజు ఫోటోలు మిగిలాయి. నాయన పోయాడు. ఇక మూసేద్దామనుకుంటున్న రోజుల్లో నగరి నుంచి ఒక సావుకారు వచ్చాడు. మరమగ్గాల మీద చీరలు నేయించి అమ్మే మనిషి. మద్రాసు నుంచి పిలిపించిన మోడల్ మన ఆడవాళ్ళ మాదిరి లేదని కొనేవాళ్ళు మూతి విరిచారట. ఊళ్ళో నేత ఇళ్ళల్లో చక్కటి పిల్లలున్నారు, కానీ మగవాళ్ళు ఫోటోలు తీస్తారంటే ఇంట్లో పంపరు. "నువ్వయితే పంపుతారమ్మా" అన్నాడు. అట్లా నేను ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్‌నయ్యాను. బోర్డు మీద ఆ మాట రాయించిన రోజు మా వీధి టీకొట్టతను, "ఇంగ సినిమావోళ్ళంతా మన వీధికే వస్తారేమక్కా, పాలు ఎక్కువ పోయించుకోవల్లా?" అని ఆటపట్టించాడు.

చీరల ఫోటోలకొచ్చేసరికి నాయన నేర్పినదంతా తలకిందులైంది. మామూలు ఫోటోలో మనిషి మనల్ని చూడాలి. చీర ఫోటోలో చూడకూడదు. ఆమె మనల్ని చూస్తే మనం ఆమెనే చూస్తాం, చీర సంగతి మరిచిపోతాం. ఆమె కొంగును చూస్తే మన చూపు కూడా ఆ కొంగు మీదికే పోతుంది. సావుకారు మొదటి రోజే చెప్పాడు: "మొగం కొనేదానికి రారమ్మా, చీర కొనేదానికొస్తారు." కాబట్టి పొద్దస్తమానం నేను అరిచే అరుపు ఒకటే. నన్ను చూడొద్దు, కొంగును చూడు. ఇందులో నా తప్పేమైనా ఉందని ఎవరైనా అంటే ఊరుకోను. ఆ పని అట్లాగే చేస్తారు.

ఆ పిల్ల ఒక మరమగ్గం నేతగాడి పెద్దకూతురు. ఇంటర్ ముగించి ఇంట్లో నాయన మగ్గానికి నూలు కండెలు చుడుతూ ఉండేది. పొడవాటి మెడ, చామనచాయ, అన్న మాటకు అక్కడికక్కడే బదులు చెప్పే నోరు. మొదటి రోజు కెమెరాలోకి గుచ్చి చూస్తూ నిలబడింది. ఫోటో తీయకముందే అటు చూడమన్నాను.

"యాడక్కా సూసేది? మాట్లాడతాండేది నువ్వు. మాట్లాడే మనిషిని సూడకుండా గుడ్డను సూస్తా ఉంటే నన్ను ఎర్రిది అనుకోరా?"

నాకు నవ్వాగలేదు. షూటింగులో నేను నవ్వడం ఎన్నడూ చూడలేదని సావుకారు ఆశ్చర్యపోయాడు. ఆ పిల్లకు అంతటితో నామీద చనువొచ్చేసింది. గుండ్ల ఫోటోలు తీసేదాన్నని విని నాకు 'గుండ్లక్క' అని పేరు పెట్టింది. "గుండ్లక్క కోపంగా ఉండాది, అందరూ కొంగులు సూసుకోండి" అని తక్కిన పిల్లల్ని హెచ్చరించేది.

పని మాత్రం వెంటనే పట్టేసింది. మెడ ఎంత తిప్పాలి, రెప్ప ఎంత దించాలి, నేను చెప్పకముందే తెలిసిపోయేది. చీరలు కూడా దానికి బాగా తెలుసు. కట్టలోంచి ఒకటి తీసి, "ఇది మా నాయన మగ్గం మీదిది" అనేది. ఆ చీరను అన్నిటికంటే చివర్లో కట్టుకునేది. కుచ్చిళ్ళు మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు, తనే సర్దుకునేది. "కుచ్చిళ్ళు వంకర పోతే మా నాయన పెట్టె సూసి అన్నం తినడు" అనేది. నాకు పిల్లల్లేరు. ఆ పిల్లంటే నాకు చాలా ఇష్టం. అది ఉన్నప్పుడు ఈ మాట ఎప్పుడూ నోరు విడిచి అనలేదు.

ఉన్నట్టుండి ఒకసారి రావడం మానేసింది. సావుకారును అడిగితే, "సంబంధాలు సూస్తాండారంట. వాళ్ళ నాయన వద్దన్నాడంట" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నాయనంటే ప్రాణం పెట్టే పిల్లను ఆ నాయనే ఇంట్లో కూర్చోబెట్టాడా అనుకున్నాను. ఇంకో పిల్లను వెతుక్కుని పని కానిచ్చాం. ఆ ఏడు వానల్లో జ్వరమొచ్చి ఆ పిల్ల పోయింది. కబురు తెలిసి నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. వాళ్ళ నాయన మగ్గం గదిలో గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. నేను ఆయన్ని పలకరించలేదు. కావాలనే పలకరించలేదు.

ఆ తర్వాత చాలా కాలానికి, ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆ పిల్ల తల్లి మా స్టూడియోకు వచ్చింది. చేతిలో తువ్వాలు చుట్టిన పెట్టె ఒకటి. తువ్వాలు విప్పి మూత నా ముందు పెట్టింది.

"అక్కా, దీంట్లో అది నా పక్క సూసేటట్ల సేసిస్తావా?"

నాకు అర్థం కాలేదు. కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, నెమ్మదిగా అడిగాను. పెళ్ళి కాకుండా పోయిన ఆడబిడ్డ వాళ్ళ ఇళ్ళల్లో ఇంటి దేవత అవుతుంది. పటం పెట్టి మొక్కుతారు. ఇంట్లో ఎవరికి పెళ్ళి కుదిరినా ముందు ఆమెకు కొత్త చీర పెట్టి, పటం మీద పువ్వు ఉంచి, ఒప్పుకో తల్లీ అని అడుగుతారు. పువ్వు జారి పడితే ఆమె ఒప్పుకున్నట్టు. ఇప్పుడు చిన్నకూతురికి సంబంధం కుదిరింది. పెట్టె మూత మీది బొమ్మనే పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, పువ్వు పెట్టి అడిగారు. పువ్వు కదల్లేదు. ఇంకో శుక్రవారం చూసి మళ్ళీ అడిగారు. అప్పుడూ కదల్లేదు.

"యాడ పడతాదక్కా, మొగం అట్ల తిప్పుకోని ఉంటే? కోపం దానికి. పని మాన్పించినాడని వాళ్ళ నాయనతో మాటల్లేకుండానే పాయె. అన్నం పెట్టేది, కండెలు సుట్టిచ్చేది, మాట మాత్రం లేదు. ఆస్పత్రిలో కూడా ఆయనొస్తే గోడ పక్క తిరుక్కునింది. ఇబ్బుడు పటంలో కూడా అట్లే ఉండాది."

"పిచ్చిదానివా మా నువ్వు? అట్లా చూడమని చెప్పింది నేను. చీర ఫోటోలన్నీ అంతే. అది కోపం కాదు."

"నువ్వు సెప్పింటావు. సూసింది అది గదా."

వేరే ఫోటోలు లేవా అని అడిగాను. స్కూలు గుంపులో ఉన్నది చిన్నప్పటి ముఖం. ఆధార్ కార్డు మీది ఫోటో కన్నతల్లి కూడా గుర్తుపట్టేలా లేదు. ఫోన్లో మాత్రం బోలెడన్ని ఉన్నాయి, పుట్టినరోజులవి, గుడికి పోయినవి. చెల్లెలు తీసినవి. తల్లి ఒక్కొక్కటే జరుపుతూ చూపించింది. అన్నిట్లోనూ ఆ పిల్ల మెడ కొంచెం తిప్పి, రెప్పలు దించి, పక్కకు చూస్తూ నవ్వుతోంది. ఎదురుగా ఫోన్ ఎత్తితే చాలు, మెడ దానంతట అదే తిరిగేదట. నేను నేర్పిన మెడ.

"దాని మొగం మా పక్క తిరిగితే గాని నేను చిన్నదాని పెండ్లి సేయనక్కా" అంది. "మగపిల్లోని తట్టువాళ్ళు తొందర పెడతాండారు. తప్పిపోతే పోనీ. పెద్దదాన్ని కాదని సేస్తే అది సల్లంగా ఉండదు."

వెతుకుతానని మాటిచ్చాను. ఆమె పెట్టెను మళ్ళీ తువ్వాల్లో చుట్టుకుని బస్సుకు పోయింది.

అప్పటినుంచి రోజూ స్టూడియో తలుపు దగ్గరికి వేసి, కంప్యూటరు ముందు కూర్చుని ఆ పిల్లనే చూశాను. షూటింగు తర్వాత షూటింగు. పచ్చ చీర, వంగపండు రంగు చీర, జరీ అంచు చీర. ఎక్కడా నా వైపు చూడదు. చూడగా చూడగా ఒక భయం పట్టుకుంది. నేను బొమ్మ తెరిచే ముందు క్షణం దాకా అది నన్నే చూస్తూ ఉండి, తెరవగానే చూపు తిప్పేసుకుంటోందేమో అనిపించేది. దొరకబుచ్చుకుందామని ఒక బొమ్మ మూసి గబుక్కున మళ్ళీ తెరిచిన రోజు కూడా ఉంది. ఇంత వయసొచ్చి, ఇన్ని ముఖాలు తీసి, ఇదేం పిచ్చే అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుని మళ్ళీ తెరిచాను.

చివరికి విసుగొచ్చి సులువైన దారి పట్టాను. ఇప్పుడు కంప్యూటరే కళ్ళు పుట్టిస్తుంది. మంచి బొమ్మ ఒకటి తీసుకుని ముఖం ఇటు తిప్పించాను, చూపు సూటిగా చేయించాను, కంట్లో తెల్ల చుక్క కూడా పెట్టాను. చూడ్డానికి ఎంతో బాగుంది. కానీ దాన్ని తెర మీద ఉంచి టీకి పోయొచ్చేసరికి నాకు నా స్టూడియోలోకి అడుగు పెట్టడానికి కాళ్ళు రాలేదు. లోపల ఎవరో కొత్త మనిషి కూర్చుని నాకోసం చూస్తున్నట్టుంది. అయినా ప్రింటు వేసి తల్లిని పిలిపించాను. ఆమెకు కావాల్సింది ఇదే కదా, నా భయాలతో ఆమెకేం పని అనుకున్నాను.

ఆమె ప్రింటును అందుకుంది. చూసి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసింది.

"ఎవురక్కా ఈ పాప?"

"మీ అమ్మాయే మా. కొంచెం ఇటు తిప్పాను, అంతే."

"మా పాప ఇట్ల సూడదు" అని ప్రింటు బల్ల మీద బోర్లా పెట్టింది. ఏడవలేదు. "ఉండేది ఉంటే ఇయ్యి. లేకపోతే లేదని సెప్పక్కా. దేన్నో తెచ్చి నా ఇంట్లో నిలపొద్దు" అంది. నాకు సిగ్గేసింది. నిజం చెప్పాలంటే కొంచెం హాయిగా కూడా అనిపించింది, ఆ ముఖం చూసి భయపడింది నేనొక్కదాన్నే కాదు కదా అని. ఆమె వెళ్ళగానే ఆ బొమ్మను చెరిపేశాను.

మా నాయన పాడైపోయిన నెగటివ్‌లు కూడా పారేసేవాడు కాదు. మనిషి ముఖాన్ని చెత్తలో వేయకూడదనేవాడు. ఆ పట్టింపు నాకూ ఉంది. షూటింగులో తప్పుగా వచ్చినవి, రెప్పలు పడినవి, కొంగు జారినవి, అన్నీ వేరే పాత డిస్కులో పడేసి ఉంచుతాను. తెరిచి చూసేది ఎప్పుడూ లేదు. ఒక పొద్దున ఇక మిగిలింది అదొక్కటేనని దాన్ని తగిలించాను. అది గరగరలాడుతూ తిరగడం మొదలుపెట్టింది.

ఆ పిల్ల చివరి షూటింగు బొమ్మల్లో నేను వెతికేది దొరికింది. ఆవపువ్వు రంగు పట్టుచీర. చేతి మీద కొంగు పరిచే ఉంది, కానీ దాన్ని చూడడం లేదు. నన్నూ చూడడం లేదు. నా భుజం మీదుగా, నా వెనక నిలబడిన మనిషిని చూస్తోంది. ఆ వరసలో అట్లాంటివి కొన్ని ఉన్నాయి. మొదటిదాంట్లో కళ్ళు ఆశ్చర్యంగా పెద్దవయ్యాయి. తర్వాతదాంట్లో పెదవులు విడివడి ఉన్నాయి, ఏదో అడుగుతున్నట్టు. ఆ తర్వాతది చూసి నేను కుర్చీలో వెనక్కి జరిగాను. పెదవులు బిగించి, తల కొంచెం ఎత్తి, నిండిన కళ్ళతో సూటిగా చూస్తోంది. ఎంత కోపం! రెండు కళ్ళల్లోనూ తెల్ల చుక్క మెరుస్తోంది. అది బతికి ఉన్న ముఖం. ఆ పిల్ల పోయాక నేను ఏడ్చింది ఆ పొద్దునే.

అప్పుడు గుర్తొచ్చింది. సావుకారు అంగడి మేడ మీద గది. "ఎటు చూస్తున్నావే?" అని నేను అరిచి వెనక్కి తిరిగితే, గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. పిల్లను పక్కకు పిలిచి ఏదో చెప్పింది. పిల్ల తిరిగొచ్చి నిలబడింది, నేను ఇంకో రెండు తీశాను, అంతలో తల్లి మళ్ళీ పిలిచింది. పిల్ల చీర మార్చుకుని నాతో ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయింది. మిగిలిన చీరలు ఎవరు కట్టుకుంటారని సావుకారు మీద ఎగిరాను. ఆ రోజును అక్కడితో మరిచిపోయాను.

ఈ బొమ్మను ఆమెకు ఇవ్వాలా వద్దా? పిల్లకు కోపముందని భయపడుతున్న తల్లికి ఆ కోపాన్నే ఫ్రేము కట్టి ఇవ్వమంటారా? ఇవ్వకపోతే చెల్లెలి పెళ్ళి ఆగిపోతుంది. ఇంకో కంప్యూటరు కన్ను పెట్టే ధైర్యం నాకు లేదు. మూడు నాలుగు సార్లు ఫోన్ తీసి పెట్టేశాను. చివరికి ప్రింటు వేసి, ఏ చిన్న మచ్చా తుడవకుండా, నేనే బస్సెక్కి నగరికి పోయాను. ఆ వీధిలో తల వంచుకునే నడిచాను.

తల్లి వాకిట్లోనే నిలబడి చూసింది. లోపల మగ్గం ఆడుతోంది. వేలితో ఆ కనురెప్పల మీద మెల్లగా తడిమింది.

"ఇది ఆ పొద్దుది గదా" అంది.

"అవును మా."

"ఆ పొద్దు నేను దాంతో ఏం సెప్పినానో నీకు ఇనపడిందా అక్కా?"

"లేదు. దూరంగా మాట్లాడుకున్నారు."

ఆమె తలూపింది. నేను గబగబా చెప్పాను, ఇందులో కోపంగా ఉంది, నీకు వద్దంటే ఇంకా వెతుకుతాను అని.

"కోపంగానే ఉండాది" అంది. "ఉండనీ అక్కా. మొగమైతే తిప్పుకోలేదు. సూస్తాండే మనిషితోనైతే ఒక మాట సెప్పుకోవచ్చు." ఫోటోను రొమ్ముకు ఆనించుకుని లోపలికి తీసుకుపోయింది.

చీర పెట్టే రోజుకు నన్ను రమ్మని కబురు పంపారు. వెళ్ళాను. చిన్న ఇల్లు. ముందు గదిలో పటం, దాని ముందు పసుపు పూసిన పీట, పీట మీద మడతపెట్టిన కొత్త చీర. ఆ చీర వాళ్ళ నాయన నేసింది. ఆ రోజు మగ్గం ఆపేశారు. ఆ ఇంట్లో మగ్గం చప్పుడు లేకపోతే మాటలు మరీ గట్టిగా వినిపిస్తున్నాయి. పెళ్ళికూతురు పక్కన కూర్చుంది. బంధువులు గోడల వెంట నిలబడ్డారు. నాయన అందరి వెనక, మగ్గం గది గుమ్మంలో ఉన్నాడు. పటానికి ఎదురుగా రాకుండా పక్కకు నిలబడ్డాడు.

పెద్దావిడ ఒకామె పటం మీద మల్లెపువ్వు ఉంచింది. తల్లిని అడగమంది. చెల్లెలి పెండ్లి చేసుకుంటాం, ఒప్పుకో తల్లీ అనాలి. తల్లి చేతులు జోడించింది. ఆ మాట అనలేదు.

"మ్మే," అంది పటంతో, ఇంట్లో పిల్లను పిలిచినట్టే. "ఆ పొద్దు నీకు అబద్ధం సెప్పినాను. మీ నాయన వద్దనలేదు. మీ నాయనకు తెలీనే తెలీదు, నువ్వే మానుకున్నావని ఆయనకు సెప్పినాను. పెట్టెల మీద బొమ్మయిన పిల్లను ఎవురు సేసుకుంటారని వీధిలో అందరూ అంటా ఉంటే నాకు బయమేసింది. నేను సెప్తే నువ్వు ఇనవు గదా. అందుకే మీ నాయన మానేయమన్నాడని సెప్పినాను. నువ్వు ఆయనతో మాట్లాడకుండా అయిపోతావని నేననుకోలేదు. రేపు సెప్దాం, ఎల్లుండి సెప్దాం అనుకుంటానే ఉన్నాను, నువ్వు పాయె. తిట్టాలంటే నన్ను తిట్టు మా. ఆయన్ను గాదు."

మన ఇళ్ళల్లో ఏ తల్లి అనదు ఆ మాట? మీ నాయన వద్దన్నాడు, మీ నాయన చంపేస్తాడు, మీ నాయనకు తెలిస్తే ఇంకేమైనా ఉందా. మా అమ్మా అనేది. పిల్లలు వినాలని అంటాం, సాయంత్రానికి మరిచిపోతాం. ఈ ఇంట్లో ఆ సాయంత్రం రాలేదు.

పువ్వు పడిందో లేదో నేను చూడలేదు. పడిందని పెద్దావిడ అంటే ఆడవాళ్ళంతా ఊపిరి పీల్చుకున్నారు, పెళ్ళికూతురు వెక్కి వెక్కి ఏడ్చింది. నేను చూస్తున్నది గుమ్మంలోని మనిషిని. ఏ మనిషినైతే ఆ పిల్ల పోయినప్పుడు నేను కావాలని పలకరించకుండా వెళ్ళిపోయానో ఆ మనిషిని. కూతురు ఎందుకు మాట మానేసిందో ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు. ఏం తప్పు చేశానా అని ఎన్ని విధాల తలబాదుకున్నాడో. భార్యను ఒక్క మాటా అనలేదు. కండువాతో ముఖం గట్టిగా తుడుచుకున్నాడు. పటం ముందుకొచ్చి కాసేపు నిలబడ్డాడు. అటు జరిగి చూశాడు, ఇటు జరిగి చూశాడు. ఎక్కడ నిలబడినా ఆ పిల్ల చూపు ఆయన మీదికి రాలేదు. అది వాళ్ళమ్మను చూస్తోంది.

భోజనాలయ్యాక నేను బయల్దేరుతుంటే వీధి మొగదాకా వెంట వచ్చాడు. ఏదో అడగాలని, అడగలేక, బస్సు ఎప్పుడుందో చెప్పాడు, ఎండ ఎక్కువగా ఉందన్నాడు. చివరికి నిలబడిపోయాడు.

"అమ్మా, నీ దగ్గర శానా ఉంటాయంట గదా. నా పక్క సూసేది ఒకటి యాడన్నా ఉంటాదేమో సూస్తావా?"

ఆయన ఏనాడూ షూటింగుకు రాలేదు. రాలేదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

"ఉంటుందన్నా. వెతుకుతాను" అన్నాను.